షుగర్ ఉన్నవాళ్ళ కంటికి ప్రిజర్వేటివ్ లేని చుక్కలు: మా అత్తయ్యకి వాడి రాస్తున్న రివ్యూ (5కి 4)

రేటింగ్ ముందే చెప్పేశా కదా, 5కి 4. ఇప్పుడు దేని గురించో చెప్తా. సిఎంసి 0.5 శాతం కంటి చుక్కలు, అంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, కన్ను తడిగా ఉంచే మందు. అందులోనూ మామూలు బాటిల్ కాదండి, ఒక్కోటి 0.4 ఎంఎల్ ఉండే బుల్లి ప్లాస్టిక్ గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుని వరసగా వస్తాయి చూడండి, పైన రెక్క తిప్పి తుంచాలి, వయల్స్ అంటారు మెడికల్ షాపులో, అవి. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, నాలుగైదు కంపెనీలవి దొరుకుతున్నాయి, లోపల సరుకు ఒకటే, డాక్టర్‌గారు కూడా బ్రాండ్ చూడొద్దు, మందు పేరూ శాతమూ చూడండి, ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా కలిపేది) లేదు అని డబ్బా మీద ఉందో లేదో చూడండి అన్నారు.

వాడేది మా అత్తయ్య. షుగర్ ఇరవై ఏళ్ళ పైమాటే, రెండు కళ్ళకీ శుక్లాలు తీసేశారు, రెటీనాకి లేజర్ కూడా అయింది. ఉండేది తెనాలి దగ్గర పల్లెలో, కాబట్టి దుమ్మూ ధూళీ వడ్ల ఊకా అన్నీ ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో ఈ చుక్కల కింద రివ్యూలన్నీ చదివా కొనేముందు. "వేయగానే చల్లగా హాయిగా ఉంది", "మంట వెంటనే పోయింది", "ఏం తేడా తెలీలేదు డబ్బులు దండగ", ఇలాగే ఉన్నాయి అన్నీ. మామూలు వాళ్ళకి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు ఎండిపోయేవాళ్ళకి అవి పనికొస్తాయేమో గానీ షుగర్ పాతబడిన మనిషికి మాత్రం ఆ రివ్యూలతో ఉపయోగం లేదు. ఎందుకంటే అసలు సమస్యే అక్కడ, హాయిగా ఉందో లేదో వాళ్ళ కంటికి సరిగ్గా తెలీదు. నేను ఇంత పొడుగు రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే.

షుగర్ అనగానే కంటి ఆసుపత్రిలో అందరూ చూసేది రెటీనా, అంటే కంటి వెనక పొర. చుక్కలేసి కంటిపాపని పెద్దది చేసి గంటసేపు కూర్చోబెట్టి వెనక రక్తం కారిందా వాపు ఉందా చూస్తారు. అది చాలా అవసరం, మానేయమని నేను అనట్లేదు. ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళ సర్వే ఒకటి 2023లో వచ్చింది కదా, దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే అని, అంతమందికి రెటీనా చూడటమే పెద్ద పని. కానీ కంటి ముందు అద్దంలా ఉండే కార్నియా, మన ఊళ్ళల్లో నల్లగుడ్డు అంటాం, దాని మీద పుండు పడి మానితే తెల్లగా మచ్చ మిగిలి "కంట్లో పువ్వు పడింది" అంటాం, దాన్ని కూడా షుగర్ పాడుచేస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అత్తయ్యకి ఒక కన్ను తరచూ ఎర్రబడుతోంది, చూపు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటోంది, నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. మా ఆయన పట్టుబట్టి కార్నియా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు.

అక్కడ ఆ డాక్టర్‌గారు చేసిన టెస్ట్ చూడాలి మీరు. మిషన్ లేదు ఏం లేదు, కాస్త దూది తీసుకుని కొసని వేళ్ళతో మెలితిప్పి సన్నగా దారంలా చేశారు. అమ్మా ఎదురుగా గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉండండి అని, పక్కనుంచి మెల్లగా తెచ్చి ఆ కొసని నల్లగుడ్డు మీద ఆనించారు. మామూలుగా అయితే మనకి దూది కన్ను దాకా రాకముందే రెప్ప పడిపోతుంది కదా. అత్తయ్య క్యాలెండరే చూస్తోంది. "తగిలిందామ్మా?" అని అడిగితే "ఇంకా పెట్టలేదు కదా బాబూ" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నా, దూది కొస ఇంకా కంటి మీదే ఉంది, నాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత నారింజ రంగు కాగితం ముక్క ఒకటి కంటి రెప్ప లోపల తాకించి, నీలం లైట్ వేసి స్క్రీన్ మీద మాకు కూడా చూపించారు. నల్లగుడ్డు కింద సగం అంతా ఆకుపచ్చ చుక్కలు, ఇసుక చల్లినట్టు. ఆ రంగు పైపొర చెదిరిన చోటే పట్టుకుంటుందట. ఇంకో పేపర్ స్ట్రిప్ కింది రెప్పలో తగిలించి అయిదు నిమిషాలు ఉంచితే కన్నీళ్ళు ఎంతవరకు పాకాయో చూస్తారు, 10 మిల్లీమీటర్లు దాటితే మంచిదే, 5 లోపు అయితే బాగా పొడి కన్ను అన్నట్టు. అత్తయ్యకి 4.

కాళ్ళకి షుగర్ వల్ల తిమ్మిరి వచ్చి ముల్లు గుచ్చుకున్నా తెలీదు అంటాం కదా, కంటిలో జరిగేది కూడా అదేనట. కార్నియా మధ్యలో మందం అర మిల్లీమీటరు ఉంటుంది అంతే, అందులో రక్తనాళం ఒక్కటీ ఉండదు, ఆక్సిజన్ గాలి నుంచీ కన్నీటి నుంచీ తీసుకుంటుంది. కానీ నరాలు మాత్రం చర్మం కంటే కొన్ని వందల రెట్లు ఒత్తుగా ఉంటాయి, అందుకే చిన్న నలుసు పడినా ప్రాణం పోయినంత పని అవుతుంది. రక్తంలో షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువుంటే ఆ సన్నటి నరాలు పలచబడి తెగిపోతూ వస్తాయి. నరాలంటే నొప్పి చెప్పడానికే అనుకుంటాం, కానీ కన్నీళ్ళు ఊరమని, రెప్ప కొట్టమని చెప్పేది కూడా అవే, పైపొర కణాలకి పెరగమని రసాయనాలు అందించేది కూడా అవే. అవి పోతే కన్నీళ్ళు తగ్గుతాయి, రెప్ప కొట్టడం తగ్గుతుంది, గీసుకుంటే మానదు, పైగా గీసుకున్నట్టు తెలీదు. అన్నీ ఒకేసారి. రెటీనాకి లేజర్ చేయించుకున్న వాళ్ళకి ఆ వేడి వల్ల కూడా కార్నియాకి వెళ్ళే నరాలు కొంత దెబ్బతినొచ్చట, అలాగని లేజర్ మానుకోకూడదు, చూపు కాపాడేది అదే కాబట్టి, కాకపోతే తర్వాత ముందు భాగం కూడా చూపించుకోవాలి.

ఇంకో సంగతి ఏంటంటే పైపొర కింద ఉండే ఆధారం పొర షుగర్ వల్ల మందమైపోయి పట్టు తగ్గుతుంది, చెమ్మ పట్టిన గోడకి వేసిన సున్నం పెచ్చులూడినట్టు పైపొర లేచిపోతూ ఉంటుంది. మామూలు మనిషికి గోరు గీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో మానిపోయే గాయం వీళ్ళకి వారాలు పడుతుంది. ఆ సందులో బాక్టీరియానో ఫంగసో దూరితే పుండే. వరికోతలప్పుడు ఆకో ఊకో తగిలి ఫంగస్ పుండు పడిన వాళ్ళు మన జిల్లాల్లో తక్కువేం కాదు, షుగర్ ఉంటే అది ఇంకా మొండిది.

సరే మళ్ళీ చుక్కల దగ్గరికి వస్తా. అత్తయ్య అప్పటికే ఏవో చుక్కలు వాడుతోంది, మామూలు బాటిల్, మెడికల్ షాపులో ఇచ్చినవి. వాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఒక ప్రిజర్వేటివ్ ఉంది. బాటిల్ మూత రోజూ తీస్తాం కాబట్టి లోపల సూక్ష్మక్రిములు పెరగకుండా అది వేస్తారు, తప్పేం కాదు, కానీ దానికి సబ్బు గుణం ఉంటుంది, రోజుకి చాలాసార్లు వేస్తే పైపొరని అదే దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను తట్టుకుంటుంది, మండితే ఆ మనిషి మానేస్తాడు కూడా. తిమ్మిరెక్కిన కన్ను మండదు, కాబట్టి నెలల తరబడి వేస్తూనే పోతారు. గ్లాకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) వేసే చుక్కలు చాలావాటిలో కూడా ఇదే ప్రిజర్వేటివ్ ఉంటుంది, రెండు మూడు మందులు కలిస్తే మోతాదు అంతా కలిసి కంటి మీదే పడుతుంది. అందుకే డాక్టర్‌గారు ఆ పాత చుక్కలు ఆపించి ఈ వయల్స్ రాశారు, రోజుకి నాలుగుసార్లు, రాత్రి పడుకునేముందు జెల్.

ఇక్కడ ఒక జాగ్రత్త, ప్రిజర్వేటివ్ లేదు అంటే చాలు మంచిదే అనుకోకండి. 2023లో అమెరికాలో ఎజ్రికేర్ అనే చుక్కల గొడవ గుర్తుందా, తయారైంది మన తమిళనాడులోనే. ప్రిజర్వేటివ్ లేని మందుని రోజుల తరబడి తెరిచి వాడే బాటిల్‌లో పోసి అమ్మారు, మందులకి లొంగని సూడోమోనాస్ అనే బాక్టీరియా అందులో పెరిగింది, అక్కడి సీడీసీ (జబ్బుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) లెక్కలో 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది, 14 మందికి చూపు పోయింది, నలుగురు చనిపోయారు. కాబట్టి ప్రిజర్వేటివ్ లేకపోతే ఒక్కసారి వాడి పారేసే వయల్ అన్నా ఉండాలి, లేకపోతే గాలి లోపలికి పోకుండా వాల్వ్ ఉన్న స్పెషల్ బాటిల్ అన్నా ఉండాలి. మామూలు బాటిల్ మీద ప్రిజర్వేటివ్ ఫ్రీ అని రాసి ఉంటే నేనైతే కొనను.

ఇప్పుడు వాడటంలో కష్టాలు, నేను స్టార్ తగ్గించింది ఇక్కడే.

మొదటిది ఆ రెక్క. ఎవరు డిజైన్ చేశారో గానీ షుగర్ మనిషిని ఊహించుకోలేదు. అత్తయ్యకి వేళ్ళ కొసలు కూడా మొద్దుబారాయి, ఆ బుల్లి రెక్క పట్టుకుని తిప్పుదామంటే జారిపోతుంది, పళ్ళతో కొరకబోతే నేను లాక్కున్నా. మా ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఇది ఎలా తెరుస్తారో నాకు అర్థం కాదు. పొద్దున్నే నేను రోజుకి సరిపడా తెరిచి పెడదామంటే అలా పెట్టకూడదు, తెరిచాక వెంటనే వాడి పారేయాలి. కొన్ని కంపెనీల వాటికి మాత్రం రెక్క తిరగేసి నొక్కితే మూతలా పడుతుంది, ఆ రోజు వరకు వాడుకోవచ్చని డబ్బా మీదే ఉంటుంది, అలా రాసి ఉంటేనే చేయండి.

రెండోది, తుంచిన చోట అంచు. వేలితో రాసి చూడండి, కొన్నిటికి గరుకుగా పీచులా ఉంటుంది. మామూలు వాళ్ళకి అది కంటికి తగిలితే కెవ్వుమంటారు, అత్తయ్యకి గీరుకున్నా తెలీదు. అందుకని కన్నుకి బాగా పైన పట్టుకుని వేయాలి, మొదటి చుక్క బయటికి వదిలేసి రెండోది వేయమని ఆసుపత్రిలో సిస్టర్ చెప్పింది, తుంచినప్పుడు రాలిన ప్లాస్టిక్ నలుసు ఏమన్నా ఉంటే పోతుందని.

మూడోది కొంచెం నవ్వొచ్చేదీ కొంచెం బాధేసేదీ. చుక్క వేసి "అత్తయ్యా, పడిందా?" అంటే "ఏమోనమ్మా, నువ్వే చూడు" అంటుంది. చెంప మీదికి కారితే తెలుస్తుంది గానీ కంట్లో పడింది తెలీదు. తనంతట తాను వేసుకుంటే వయల్ మొత్తం అయిపోయేది. సిస్టరే ఇంకో చిట్కా చెప్పింది, ఫ్రిజ్‌లో తలుపు అరలో పెట్టి చల్లగా వేయమని (గడ్డకట్టే చోట కాదు), అలా వేస్తే నల్లగుడ్డుకి కాకపోయినా రెప్పకి చల్లదనం తెలుస్తుంది. ఇది పనిచేసింది. ఇప్పుడు ఆవిడే వేసుకుంటోంది, తెరిచి ఇవ్వడం ఒక్కటే మా పని.

ఖర్చు గురించి. బాటిల్ అయితే నెలకి రెండొందల్లో అయిపోయేది, తెరిచిన నెలకి పారేయాలి అది వేరే సంగతి. వయల్స్ అయితే మాకు నెలకి వెయ్యి దాటుతోంది. ఒక్కో వయల్‌లో ఎనిమిది పది చుక్కలు ఉంటాయి, మనం వాడేది రెండు కళ్ళకీ కలిపి రెండు, మిగతాది చెత్తబుట్టలోకి. పెన్షన్ మీద బతికే వాళ్ళకి ఇది భారమే. రోజుకి ఒకటి రెండుసార్లు మాత్రమే వేయాల్సిన వాళ్ళకి మామూలు బాటిలే చాలు అని డాక్టర్‌గారే అన్నారు, కాబట్టి అందరూ ఎగబడి ఇవే కొనక్కర్లేదు, బెంజాల్కోనియం కాకుండా కాస్త మెత్తటి ప్రిజర్వేటివ్ ఉన్నవి కూడా ఉన్నాయి, అడిగితే రాస్తారు.

హైల్యూరోనేట్ చుక్కలు కూడా కొన్నాళ్ళు వాడాం, 0.1 శాతం, ఇదీ కన్ను తడిగా ఉంచే మందే. బాగానే ఉన్నాయి, కాస్త ఎక్కువసేపు నిలుస్తాయంటారు, ధర ఇంకా ఎక్కువ. జెల్ రాత్రికి తప్ప వద్దు, పగలు వేస్తే అరగంట పాటు అంతా మసక మసక, ముసలివాళ్ళు గడప తట్టుకుని పడతారు.

మరి పనిచేసిందా అంటే, అత్తయ్యని అడిగితే "ఏం తేడా తెలీట్లేదే" అనే అంటుంది ఇప్పటికీ. కానీ మళ్ళీ చెకప్‌కి వెళ్ళినప్పుడు నీలం లైట్ కింద ఆ ఆకుపచ్చ చుక్కలు మూడొంతులు పోయాయి, ఒక మూల కొంచెం మిగిలాయి. చూపు పొద్దున సాయంత్రం మారడం తగ్గింది, ఎర్రదనం తగ్గింది. నేను నాలుగు స్టార్లు ఇచ్చింది ఆ స్క్రీన్ చూసి, ఆవిడ మాట విని కాదు. మీరూ ఇంట్లో షుగర్ వాళ్ళకి వాడుతుంటే "ఎలా ఉంది" అని అడిగి మానేయకండి, రంగు టెస్ట్ చేయించి చూడండి.

దూది టెస్ట్ మాత్రం అలాగే ఉంది. చచ్చిన నరాన్ని ఈ చుక్కలు లేపవు, డబ్బా మీద ఎక్కడా అలా రాసి కూడా ఉండదు. షుగర్ అదుపులో పెట్టుకుంటే ఇంకా పోకుండా ఆపొచ్చు అన్నారు, మూడు నెలల షుగర్ టెస్ట్ అత్తయ్యది 9 దాటి ఉండేది, ఇప్పుడు కొంచెం దిగింది, కానీ పండక్కి అరిసెలు చేస్తే మాత్రం మా మాట వినదు. చుక్కలతో లొంగని వాళ్ళకి సొంత రక్తంలోంచి సీరం, అంటే పైన తేరే తేట ద్రవం, తీసి చుక్కలుగా చేసి ఇస్తారట పెద్ద కార్నియా ఆసుపత్రుల్లో. నరాలు పెరిగేలా చేసే చుక్కలు కూడా ఉన్నాయి, సెనెజెర్మిన్ అని, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఏ పదార్థం కనిపెట్టినందుకు రీటా లెవీ మోంటాల్చిని అనే శాస్త్రవేత్తకి 1986లో నోబెల్ వచ్చిందో దాన్నే ల్యాబ్‌లో తయారుచేసి చుక్కలుగా మార్చారు. దాని రేటు వింటే మనం మాట్లాడుకోవాల్సిన విషయం కాదు లెండి.

ఈ వయల్స్ ఇంట్లో ఉన్నాయి కదా అని అన్నిటికీ ఇవే వేస్తూ కూర్చోకండి. కన్ను ఎర్రబడి, నీరు లేదా పుసి కారుతూ, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనపడి, చూపు తగ్గితే, నొప్పి లేకపోయినా సరే ఆ రోజే వెళ్ళండి. షుగర్ కంటికి "నొప్పి లేదు" అనేది మంచి వార్త కాదు. మెడికల్ షాపులో "ఎర్రదనానికి ఏదన్నా ఇవ్వు బాబూ" అని అడిగితే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చేవాళ్ళు ఉన్నారు, ఎర్రదనం తెల్లారేసరికి పోతుంది, లోపల ఫంగస్ ఉంటే అది హాయిగా పెరుగుతుంది. ఆకు పసరు, చనుబాలు, ఆముదం ఇవన్నీ మా పక్కింటి పిన్నిగారు వరసగా చెప్పింది, ఆవిడకి దండం పెట్టి పంపించేశాం.

శుక్లం ఆపరేషన్ కాబోయే వాళ్ళకి ఒక్క ముక్క. కార్నియా లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలు ఉంటాయి, నీటిని బయటికి తోడి కార్నియాని తేటగా ఉంచేవి, అవి పోతే మళ్ళీ పుట్టవు. షుగర్‌లో ఆ కణాల సైజూ ఆకారమూ మారిపోయి కాస్త బలహీనంగా ఉంటాయి, అందుకే ఆపరేషన్ తర్వాత కార్నియా వాపు తగ్గడానికి కొందరికి ఎక్కువ రోజులు పడుతుంది. ముందే స్పెక్యులర్ అనే ఫొటో తీసి ఆ కణాల లెక్క చూస్తారు, మీ డాక్టర్‌ని అడగండి. ఆపరేషన్ తర్వాత వాపూ నొప్పీ తగ్గడానికి రాసే చుక్కలు ఉంటాయి, కెటోరోలాక్ నెపాఫెనాక్ లాంటివి, అవి చెప్పిన రోజుల కంటే ఒక్క రోజు ఎక్కువ వాడొద్దు, పైపొర బాగోని షుగర్ కంటికి అవి కార్నియాని కరిగించేసిన కేసులు ఉన్నాయి, మందు కాగితం మీదే షుగర్ వాళ్ళు జాగ్రత్త అని రాసి ఉంటుంది.

కొనేటప్పుడు డబ్బా తెరిచి ఒక వరస బయటికి తీసి ఎక్స్‌పైరీ చూడండి, ఒక షాపులో మాకు రెండు నెలల్లో అయిపోయేవి అంటగట్టబోయారు. ఎండాకాలం ఆన్‌లైన్‌లో తెప్పించకండి, మే నెల ఎండలో డెలివరీ సంచిలో ఎంతసేపు ఉడికాయో మనకి తెలీదు. వాల్వ్ ఉన్న బాటిల్ ఒకటి తెప్పించాం ఈ మధ్య, వయల్ కంటే చెత్త తక్కువ, ఖర్చు కూడా కాస్త తక్కువ పడేలా ఉంది, కానీ నొక్కడానికి నా వేళ్ళకే గట్టిగా ఉంది, అత్తయ్య నొక్కలేక పక్కన పెట్టేసింది. ఎవరన్నా తేలిగ్గా నొక్కేది వాడుతుంటే కింద చెప్పండి.